పక్క జేబు

ఉదయం ఆరున్నర. మంచం మీద నీలం బ్యాగు నోరు తెరుచుకుని ఉంది. భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. భర్త సర్దుతున్నాడు.

"రెండు తువ్వాళ్ళెందుకండీ? సాయంత్రానికి వచ్చేస్తాంగా."

"పోయినసారీ ఇలాగే అన్నావు. మూడు రోజులు ఉంచేశారు."

"అప్పుడంటే జ్వరం వచ్చింది."

"ఈసారి రాదని రాసిచ్చారా?"

"పొద్దున్నే మొదలుపెట్టకండి."

"నేనేం మొదలుపెట్టలేదు. తువ్వాలు పెట్టాను. దువ్వెన పెట్టనా?"

"పెట్టండి. దేన్ని దువ్వుకోవాలో కూడా మీరే చెప్పండి."

"నాకోసమే. నాదీ తలే కదా."

"లెక్కపెడితే మీకు నాకంటే ఓ పది వెంట్రుకలు ఎక్కువుంటాయి, అంతే."

"పదైనా పదే. వాటికీ దువ్వెన కావాలి. ఫైలేది?"

"దిండు కింద."

"ఫైలు దిండు కింద పెట్టుకుని పడుకున్నావా?"

"నిద్ర పడితే కదా. ఎనిమిదోది కదండీ. ఈ కీమో ఒక్కటీ అయిపోతే..."

"అయిపోతే అనకు. అయ్యాక అందాం."

"సరే, అనను. ఎందుకు కూర్చున్నారు?"

"మంచం అడ్డం వచ్చింది, కూర్చున్నాను."

"ఆ చెమటలేంటి?"

"ఫ్యాను తిరగడంలేదు."

"తిరుగుతోంది."

"నా మీద తిరగడంలేదు. ఊలు మేజోళ్ళేవి?"

"ఎప్పుడూ పక్క జేబులో పెడతాంగా."

"పక్క జేబు తెరుచుకోదుగా."

"అవును. తెరుచుకోదు."

"మరి మేజోళ్ళు?"

"మర్చిపోతామని నిన్ననే మీ పక్క షాపు తాళాలాయనకిచ్చి ఆయన కారులో పెట్టించాను. వెనక సీటు మీదుంటాయి."

"మంచి పని చేశావు."

"ఏమండీ."

"ఊఁ."

"ఏం లేదు. మీ మాత్ర వేసుకున్నారా?"

"నాకేం మాత్ర?"

"అదే... నిద్రకి. నిద్ర పట్టడంలేదంటే మందుల షాపతను ఇచ్చాడన్నారుగా."

"ఆ. అది వేసుకున్నాను."

"ఎవరో వస్తున్నారు. జిరాక్సు షాపు అమ్మాయే. చెప్పుల చప్పుడు వీధి చివర నుంచీ వినిపిస్తుంది."

"వినపడాలనే కదక్కా ఈ చెప్పులు కొన్నది. తలుపు తీసే ఉంచారేం? కారు కిందకొచ్చింది. తాళాలాయన హారన్ కొట్టనంటున్నాడు, మీకు కంగారు పుడుతుందట. నన్ను పరిగెత్తించాడు. నాకు మాత్రం కంగారు ఉండదనుకుంటాడు."

"కూర్చో, కాస్త ఊపిరి పీల్చుకో."

"కూర్చుంటే మన పనుల చీటీ ఏం కావాలి? వినండి. కారు, తాళాలాయన. మధ్యాహ్నం గంజి, ఫోటో స్టూడియో వాళ్ళావిడ, ఉప్పు లేకుండా. మొక్కలకి నీళ్ళు, టైలరు. పిల్లికి పాలు, నేను. సాయంత్రం మెట్లెక్కించడానికి టైలరు కొడుకులిద్దరూ, కుర్చీతో సహా. ఏమైనా మర్చిపోయానా?"

"పిల్లికి కూడా ఒక గడి గీశావా, అమ్మాయ్?"

"గీయకపోతే ఎలా బావగారూ? పోయిన కీమోకి ముగ్గురం పాలు పోశాం. అది రెండు రోజులు కదల్లేదు."

"అన్నీ బాగున్నాయి. చీటీలో నా పేరే ఎక్కడా లేదు."

"మీకెందుకు పేరు? మీరు ఎలాగూ ఉంటారుగా."

"అదీ నిజమే."

"ఈ ఫైలు పక్క జేబులో పెట్టేదా అక్కా?"

"అది ముట్టుకోకమ్మాయ్. రాదు."

"ఇంకా బాగుచేయలేదా బావగారూ? వీధిలో అందరి జిప్పులూ బాగుచేస్తారు. మా అత్తగారి మందుల సంచి జిప్పు కూడా అప్పటికప్పుడే వేసిచ్చారు. మీ ఇంట్లో బ్యాగు మాత్రం రెండు నెలల నుంచి ఇలాగే ఉంది. జనం చూస్తే ఏమనుకుంటారు?"

"జనానికి నా షాపు చాలు. నా ఇల్లు చూడక్కర్లేదు."

"ఇటివ్వండి, నేను లాగుతాను. పళ్ళు బాగానే ఉన్నాయే. ఈ లాగేది ఉంది చూడండి, దీన్ని ఏమంటారు?"

"రన్నరు."

"ఆ, అదే నొక్కుకుపోయింది."

"బరువేదో పడి ఉంటుందిలే. వదిలెయ్."

"ఫైలు నా చేతికివ్వు చెల్లీ. ఒళ్ళో పెట్టుకుంటాను."

"అక్కా, ఒక మాట చెబుతాను, కాదనకండి ఇద్దరూ. ఈవాళ లోపలికి నేనొస్తాను. షాపు మా ఆయన చూసుకుంటాడు. బావగారు ఇంట్లో పడుకుంటారు. ఆయన మొహం చూడు, పాత నోటులా అయిపోయింది."

"నాకేమైందిప్పుడు?"

"అద్దం చూసుకోండి ఏమైందో. ఏమంటావక్కా?"

"వద్దు."

"అంత వెంటనే వద్దంటే ఎలా?"

"ఆయనే రావాలి. సూది గుచ్చేటప్పుడు... నీకు తెలీదు. ఆయన బొటనవేలు పట్టుకుంటాను. ఏడుసార్లూ అదే పట్టుకున్నాను."

"నాకూ ఉన్నాయక్కా రెండు బొటనవేళ్ళు."

"నీవి మెత్తగా ఉంటాయి."

"విన్నావా అమ్మాయ్? ముప్పయ్యేళ్ళు జిప్పులు లాగితే వచ్చిన గట్టిదనం అది. నీ మిషన్ మీద మీట నొక్కితే వచ్చేది కాదు. నేనే వెళ్తాను."

"ఒక్కరోజైనా..."

"ఇదొక్కటే కదా. ఇది కాగానే పడుకుంటాను. రెండు రోజులు లేవను. అప్పుడు నాకూ ఒక గడి గియ్యి, పిల్లి పక్కన."

"గీస్తాను. పాలు మాత్రం నేను పోయను."

"ఇక లేవండి, కారు కిందే ఉంది."

"బ్యాగు నేను పట్టుకుంటాను బావగారూ."

"వద్దమ్మా. చీటీలో లేనివాడికి ఈ ఒక్క పనైనా మిగల్చండి."

ఆస్పత్రి, నాలుగో అంతస్తు. కిటికీ పక్క కుర్చీలో ఆమె. సెలైను మొదలైంది.

"అయింది. కళ్ళు తెరువు."

"గుచ్చేశారా?"

"ఎప్పుడో. సిస్టరు పక్క కుర్చీ దగ్గరికి కూడా వెళ్ళిపోయింది. నువ్వు వేలు వదిలితే నా రక్తం కాస్త తిరుగుతుంది."

"ఇంకాసేపు."

"ఉంచుకో. పనికి కుడిచెయ్యి ఉంది. ఎడమది నీకే."

"మీ చెయ్యి చల్లగా ఉందేం?"

"నీదే చల్లగా ఉండి నాది అలా అనిపిస్తోంది."

"కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"తాళాలాయన కారు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు, పాపం. ఏం చేయాలో తెలియక."

"అందరికీ ఎంత కష్టం పెట్టానో."

"మళ్ళీ అదే మాట. పోయినసారి అన్నందుకు టైలరు నీతో రెండు రోజులు మాట్లాడలేదు. మర్చిపోయావా?"

"మీకు పెట్టిన కష్టం కూడా..."

"నాకేం కష్టం? కుర్చీలో కూర్చుని వేలు అద్దెకిచ్చాను."

"ఏమండీ, ఆ పక్క జేబు..."

"రేపు బాగుచేస్తాను."

"రేపా?"

"ఎనిమిదీ అయిపోతాయిగా ఈవాళ్టితో. రేపు షట్టరు ఎత్తగానే మొదటి పని అదే."

"తప్పకుండానా?"

"తప్పకుండా. జేబు తెరుస్తాను, లోపల ఏముందో చూస్తాను, ఏం చేయాలో అదీ చేస్తాను. సరేనా?"

"సరే."

"మరి ఏడుస్తావేం?"

"ఏడవడంలేదు. మందు వాసన. ఏమండీ, రేపటిదాకా ఎందుకు? ఈవాళే చేయకూడదా? మనం ఎలాగూ ఇక్కడే ఉన్నాం. కింద..."

"కింద?"

"కింద..."

"కింద ఏముంది? చెప్పు."

"కింద కారులో మేజోళ్ళున్నాయి. కాళ్ళు చల్లగా ఉన్నాయి నాకు."

"ఆ మాట ఇందాకే చెప్పొచ్చుగా. తెస్తాను."

"వద్దులెండి. సిస్టరునడిగితే దుప్పటి ఇస్తుంది."

"దుప్పటి కప్పితే కాళ్ళు బయటే ఉంటాయి నీకు. చిన్నప్పటి నుంచీ అంతేనని మీ అమ్మ చెప్పేది. ఉండు, వెళ్ళి తెస్తాను."

"లిఫ్టులో వెళ్ళండి."

"లిఫ్టు దగ్గర రెండు స్ట్రెచర్లున్నాయి. వాళ్ళకంటే నాకేం తొందర? మెట్లు దిగుతాను."

"మెల్లగా."

"వేలు వదులు మరి."

"వదిలాను."

"ఆ సీసా చూస్తూ ఉండు. సగం అవకముందే నీ ఎదురుగా ఉంటాను."

మూడు వారాల తర్వాత. ఇంట్లో అదే గది, మధ్యాహ్నం. జిరాక్సు షాపు అమ్మాయి మంచం మీద బ్యాగు విప్పుతోంది.

"తువ్వాళ్ళు రెండూ మడత కూడా విప్పలేదక్కా."

"బీరువాలో పెట్టెయ్."

"దువ్వెనో?"

"అది ఇటివ్వు."

"పొద్దున స్కాన్ చూసి డాక్టరమ్మ నవ్వారటగా. తాళాలాయన వీధంతా చెప్పుకొచ్చాడు. ఎక్కడా ఏమీ లేదన్నారట."

"అలాగే అన్నారు."

"నువ్వు ఫైలు మూసి లేచి వచ్చేశావట."

"కూర్చుని ఏం చేయను?"

"సరే, సరే. ఏడవకు. ఇదిగో, ఈ బ్యాగు ఉతికేస్తాను. మందుల వాసన పట్టేసింది. ఉతకాలంటే పక్క జేబు ఖాళీ చేయాలి కదా, తాళాలాయన్ని అడిగి సన్న ఇనప పుల్ల తెచ్చాను. తెరవనా?"

"తెరువు."

"రన్నరు కాస్త ఎత్తితే... ఇదిగో, వచ్చింది. ఇంతేనా? దీనికా రెండు నెలలు? అయ్యో, ఏదో కాగితం ఉందక్కా. ఆస్పత్రిదే, కింది అంతస్తు గుండె డాక్టరుది. నీది కాదు, బావగారి పేరు రాసి ఉంది."

"చదువు."

"గుండెకి రక్తం... అడ్డంకి ఉన్నట్టుంది... వారం లోపల చేర్పించాలి, ఆలస్యం చేయకూడదు. అక్కా, ఇది ఇప్పటిది కాదు. తేదీ చూస్తే నీ నాలుగో కీమో రోజు."

"ఆ రోజు నాకు సెలైను ఎక్కుతుంటే గంటసేపు కనిపించలేదు. ఎక్కడికెళ్ళారంటే టీకి అన్నారు. టీ తాగొచ్చిన మనిషిలా లేరు."

"నీకు తెలియనివ్వకుండా దాచేశారన్నమాట."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అదంతా తెలుసు. ఐదో దానికి బ్యాగు నేనే సర్దుకున్నాను, ఆయన షాపులో ఉంటే. మేజోళ్ళు పెడుతుంటే చేతికి తగిలింది. చదివాను. మళ్ళీ అదే మడతలో మడిచి లోపల పెట్టేశాను. జిప్పు మూశాను. ఆయన పనిముట్ల డబ్బాలో చిన్న పటకారు ఉంటుంది చూడు, దాంతో రన్నరు నొక్కేశాను."

"నువ్వా?"

"నేనే."

"ఎందుకక్కా?"

"కంటపడితే గుర్తొస్తుందని. గుర్తొస్తే వెళ్ళి చేరతారని."

"చేరితే మేము లేమా? నీ పక్కన నేను కూర్చునేదాన్ని. ఆయన పక్కన తాళాలాయన కూర్చునేవాడు. ఇంకో చీటీ రాసేదాన్ని కదక్కా. నాకు కాగితాలకేం కొదవ?"

"రాసేదానివి. అందరూ వచ్చేవాళ్ళు. అదీ తెలుసు నాకు. అయినా ఆ సూది దిగేటప్పుడు నాకు ఆయనే కావాలి. భయం చెల్లీ, ఇంకేం లేదు. ఇంకో నాలుగే కదా, ఆగుతుందిలే అనుకున్నాను. తర్వాత ఇంకో మూడే కదా అనుకున్నాను. ఆ పొద్దున ఇక ఒక్కటే కదా అనుకున్నాను."

"బావగారు మాత్రం పాపం, ఏదో బరువు పడిందనే అనుకుని..."

"ముప్పయ్యేళ్ళు జిప్పులు చూసిన మనిషి. బరువు పడి నొక్కుకుపోయిందో, పటకారుతో ఎవరో నొక్కారో ఆయనకు తెలియదా? నీ ముందు బరువు పడిందన్నప్పుడు నావైపు చూడలేదు, గమనించావా? మూడు నిమిషాల పని. రెండు నెలలు దాని జోలికి పోలేదు. నేను నోరు తెరిచి అడగలేదు. ఆయన నోరు తెరిచి ఇస్తాననలేదు. ఆ రెండు నెలలూ నాకే ఇచ్చేశారు."

"నేను చూడు, మీ పేరెందుకు, మీరు ఎలాగూ ఉంటారుగా అన్నాను. పిల్లికి గడి గీశాను కానీ..."

"నువ్వు పైకి అన్నావు. నేను లోపల అనుకున్నాను. అంతే తేడా."

"ఊరుకో అక్కా. ఇంకెవరితోనూ అనకు ఈ మాట."

"ఎవరో తలుపు కొడుతున్నారు చూడు."

"ఎవరండీ? ఎవరు కావాలి?"

"జిప్పులు బాగుచేసే ఆయన ఇల్లు ఇదేనా అండీ? మా పాప స్కూలు బ్యాగు ఇచ్చాను. రెండుసార్లు వచ్చాను, షాపు మూసే ఉంది. పక్కన అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరే, ఇల్లు మాత్రం చూపించారు."

"నువ్వు లేవకక్కా. నేను చెప్పి పంపిస్తాను."

"వద్దు, నేనే చెబుతాను. ఎర్ర బ్యాగేనా బాబూ, కుందేలు బొమ్మ ఉంటుంది?"

"అదేనమ్మా. ఆయన ఊరెళ్ళారా? ఎప్పుడొస్తారు?"

"మీ బ్యాగు అయిపోయింది. బల్ల మీద పెట్టి ఉంది, ఈవిడ షట్టరు తీసి ఇస్తుంది. ఆయన రారు. పోయిన నెల ఇరవై ఆరో తారీకు, గురువారం, పదకొండుంబావుకి, నా మేజోళ్ళకోసం ఆస్పత్రి మెట్లు దిగారు. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చాను. ఆయన రాలేదు."