కవరు ఇచ్చే ముందు కుర్చీ వేసిన ఇందుమతి గారు

1989 ఆగస్టు 16వ తేదీన, రాయచూరు బజారులో బట్టల దుకాణం నడిపే కుటుంబం నుంచి వచ్చిన శ్రీమతి ఇందుమతి గారు మా ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో చేరారు. ఎముకల చిత్రాలతో ఆరంభమైన వారి సేవ, ఎమ్మారై యంత్రం వచ్చిన తరువాత మెదడు చిత్రాలకు మళ్లింది. ఆ యంత్రం చప్పుడుకు జడిసే రోగుల పాదం పట్టుకుని నిలబడటం వారి అలవాటు.

ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం కొత్తగా మొదలైన యువతీయువకుల మెదడు నిర్మాణాన్ని ఆరోగ్యవంతుల మెదడుతో పోల్చే పరిశోధన 2016లో మా వద్ద ప్రారంభమైంది. ఆ రోజుల్లోనే బాళగనూరు రైతు బాపయ్య గారు అవే లక్షణాలున్న పంతొమ్మిదేళ్ల కుమార్తె సాహితిని తీసుకొచ్చారు. ఫిల్ముల కవరు అందిస్తూ ఇందుమతి గారు, “మెదడు మంచిగుంది, ఫికర్ చేయకు అన్నా” అన్నారు. ధైర్యం చెబుదామనే అన్నారు. జబ్బే లేదనుకుని బాపయ్య గారు ఇంటికెళ్లి, డాక్టరు రాసిచ్చిన మాత్రలు బిడ్డ చేత మాన్పించారు.

రెండు నెలలైనా తండ్రీకూతుళ్లు తిరిగి రాకపోయేసరికి మనసు కుదుటపడక, ఇందుమతి గారు ఒక ఆదివారం బస్సెక్కి బాళగనూరు వెళ్లారు. అన్నంలో విషం కలిపారని ఏదో గొంతు చెబుతోందంటూ సాహితి మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. “బాగుందని మీరేగా చెప్పారమ్మా” అన్నారు బాపయ్య గారు, ఫిల్ము చూపిస్తూ.

“తప్పు నాదే అన్నా. గడ్డ లేదు, దెబ్బ లేదు, గంతే చెప్పాల్సుండె. ఈ బీమారిల మెదడుల కొన్ని జాగల పొర జరంత పలచగుంటదంట. అదిగూడ వందల మందివి కలిపి చూస్తేనే తెలుస్తది. ఒక్క కంకి జూసి కాలువ కింద పంటంత ఎట్లుందో చెప్తవా? ఫోటోల కనబడకున్నా పిల్లకు నిజంగ బీమారే.”

బాపయ్య గారు ఫిల్మును తిరిగి కవరులో పెట్టారు. తరువాత “పదండమ్మా” అని జీపు తీశారు. ఆ సాయంత్రమే సాహితి ఆసుపత్రిలో చేరింది. కుదురుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ తప్పును ఇందుమతి గారు ఎన్నడూ దాచలేదు, కొత్తగా చేరిన ప్రతివారికీ ముందుగా అదే చెప్పేవారు. నాటినుంచి ఏ కవరునూ మనిషిని నిలబెట్టి ఇచ్చింది లేదు. కుర్చీ వేసి, కూర్చోబెట్టి, ఫిల్ములో ఏది తెలుస్తుందో, ఏది తెలియదో విడమర్చి చెప్పాకే ఇచ్చారు. వరుస పెరిగిపోతోందని సణిగినవాళ్లలో ఈ వ్యాసకర్తా ఉన్నాడు, ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు.

ఇన్నేళ్లూ ప్రతి సాయంత్రం సాహితికి ఫోన్ చేసి, “మాత్ర ఏసుకున్నవా బిడ్డా?” అని వారు అడిగేవారు. సాహితి నేడు తుర్విహాళలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఇందుమతి గారి రక్తపోటు మాత్ర సంగతి మాత్రం వారికే గుర్తుండదు. అందుకే ఏడాదిగా ఫోను అటునుంచి వస్తోంది: “మాత్ర వేసుకున్నారా ఆంటీ?”

ఈ మే 31న విధుల నుంచి విశ్రాంతి పొందుతున్న ఇందుమతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులమందరమూ మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఆ ఫోను రోజూ మోగాలనీ, “ఏసుకున్న బిడ్డా” అని వారు రోజూ నిజమే చెప్పాలనీ మా విన్నపం.