తలుపు తీసుడు నేర్పిన సారు

నాగేశం నోరు తెరిచాడంటే జానీ పాషా హోటల్లో చాయ్‌లు చల్లారిపోవాల్సిందే. రిక్షాలో మైకు పట్టుకుని సిద్దిపేట గల్లీ గల్లీ సినిమా ప్రచారం చేసే మనిషి. ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా జనం చెదిరిపోతారని భయం, మైకు లేనప్పుడు కూడా.

ఆ పొద్దున యాదగిరి అతని ఎదురుగా కూర్చున్నాడు. డిగ్రీ పాసై నాలుగేళ్లు, చేస్తున్నది బట్టల దుకాణంలో తానులు చుట్టే పని. వచ్చే నెల చక్కెర కంపెనీలో గుమాస్తా ఇంటర్వ్యూ. హైదరాబాదులో ఒక సారు ఐదు వందలు తీసుకుని ఇంటర్వ్యూలకు తయారు చేస్తాడట. ఆ రోజుల్లో అది అతనికి నెల జీతం. సైకిలు అమ్మితే వస్తుంది. అమ్మినాక ఉద్యోగం రాకపోతే? ఊళ్లో ఆ సారు దగ్గర నేర్చుకుని, అదే కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చినవాడు నాగేశం ఒక్కడే.

"ఇయ్యాల్నా, వద్దా అన్నా?"

"కండ్లు మూసుకొని ఇయ్యి తమ్మీ! నాకు తలుపు తీసుడే మూడు దినాలు నేర్పిండు. నేను గిట్ల తలుపు తీసి లోపటికి పోయిన్నో లేదో, ఐదుగురు ఆఫీసర్లు లేచి నిలబడ్డరు."

"లేచి నిలబడ్డరా?" అన్నాడు జానీ పాషా, చాయ్ వడపోస్తూ.

"నిలబడుడేంది, పెద్దసారు తన కుర్సీ తుడిచి నాకేసిండు! గుడ్ మార్నింగ్ అన్న. గా గొంతుకు పైన తిరిగే పంకా ఆగింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కింద మిషిన్లు ఆగినయి, చెరుకు ఆడుడు బందైంది, లారీలోల్లు దిగొచ్చి కిటికీల కాడ గుమిగూడిన్రు, నేను ఆగలే, మాట్లాడుతనే ఉన్న..."

"కొండపాక దాక ఇనవడ్డదా?" పక్క బల్ల మీది ఎల్లన్న కిసుక్కున నవ్వాడు.

"కొండపాకేంది, తొగుటల రైతులు నాగండ్లు ఇడిసిపెట్టి ఇన్నరు! ఢిల్లీకెంచి ఫోనొచ్చింది, గాయన్ను ఇడువకున్రి అని. పెద్దసారు ఏడ్సిండు తెలుసా? ఇంత మనిషికి గుమాస్తా నౌకరి ఎట్లియ్యాలె, నా జాగల నువ్వే కూసో అన్నడు. అవ్వ ఊరిడిసి పోవద్దన్నదని నేనే వద్దన్న!"

అందరూ నవ్వారు. యాదగిరికి నవ్వు రాలేదు. జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు.

"అన్నా, ఆళ్లు నిన్ను ఏమేమడిగిన్రు? గవ్వి చెప్పు, రాసుకుంట."

నాగేశం గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"అడగలే," అన్నాడు చివరికి. "నేను అడగనియ్యలే. ఆగితే లేచి పోతరనుకున్న. పావుగంట సూసి, గంట గొట్టి ఇంకొకన్ని పిలిచిన్రు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అడిగినందుకు యాదగిరికే మనసు చివుక్కుమంది.

"మరి సారు నేర్పలేదా?"

"ఎందుకు నేర్పలే? దినాం గదే మొత్తుకున్నడు. అడిగింది ఇను, ఇన్నదానికే జవాబియ్యి అని. నాకు తలుపొక్కటే వచ్చింది."

యాదగిరి కాగితం మడిచాడు. "గట్లయితే సైకిలు అమ్మనన్నా. దినాం పొద్దుగాల నువ్వే ఆఫీసరు లెక్క ప్రశ్నలడుగు, నేను జవాబిస్త."

నాగేశం అతని ముఖంలోకి చూశాడు, ఎగతాళేమోనని. కాదు. కూర్చున్నచోటే నిటారుగా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మీ గురించి చెప్పున్రి."

యాదగిరి పేరు చెప్పాడు, చదువు చెప్పాడు, నడుమ తడబడి ఆగిపోయాడు. నాగేశం పెదవులు రెండుసార్లు కదిలాయి. అయినా నోరు బిగబట్టుకుని, అతను మళ్లీ మొదలుపెట్టేదాకా ఆగాడు.