203వ గదిలో మంచం తిప్పిన సంగతి

థాయ్‌లాండ్, రోయెట్ పట్టణంలోని పోలీస్ స్టేషనులో, బౌద్ధ శకం 2566 నవంబరు 15, బుధవారం ఉదయం ఏడున్నర గంటలకు, సబ్ ఇన్‌స్పెక్టర్ థనాకోన్ గారి ఎదుట నేను చెప్పినది.

నా పేరు బువాలై ఫోన్‌యాంగ్. వయసు అరవై ఆరు. వృత్తి వరి సాగు. ఊరు నోంగ్ సై, ఫనోమ్ ఫ్రై తాలూకా. చనిపోయిన ఖమ్‌ఫుయ్ ఫోన్‌యాంగ్ నా భర్త. ఆయన వయసు డెబ్బై. ఇరవై ఎనిమిదేళ్లు ధాన్యం లారీ నడిపి మానేశాడు. మాకు పెళ్లయి నలభై మూడేళ్లు. పిల్లలు లేరు.

నా కుడి కంటికి శుక్లం పట్టింది. ఈ రోజు ఉదయం ఆరు గంటలకు పెద్దాసుపత్రి కంటి విభాగంలో ఉండమని చీటీ ఇచ్చారు. మా ఊరి మొదటి బస్సు ఇక్కడికి చేరేసరికి పావుతక్కువ ఎనిమిది అవుతుంది. మా చెల్లెలి కూతురు వన్నీకి చిన్న ట్రక్కు ఉంది. కానీ కోతల రోజులు. ట్రక్కు ధాన్యం తోలుతోంది. అందుకని ముందురోజే వచ్చి ఒక రాత్రి హోటల్లో ఉండాలనుకున్నాం.

దీనికి నలభై రోజుల ముందు నుంచి ఏర్పాటు చేసుకున్నాం. ఒక్క రాత్రికి నలభై రోజులా అని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. అవును. మా ఇద్దరిలో ఎవరమూ అంతకుముందు హోటల్లో పడుకోలేదు.

ఆసుపత్రి వెనకాల లిఫ్టు ఉన్న హోటలు ఉందని వన్నీ చెప్పింది. ఆయన వినలేదు. రైసు మిల్లు ఎదురుగా ఉన్న థోంగ్‌ఖూన్ హోటలే కావాలన్నాడు. కారణం ఇది. కోతల కాలంలో మిల్లు ముందు లారీలు రెండు మూడు రోజులు వరసలో ఆగేవి. ఆయన లారీ కింద ఉయ్యాల కట్టుకుని పడుకునేవాడు. అక్కడి నుంచి ఎదుటి హోటలు మేడమీది కిటికీలు కనిపించేవి. ఇంటికి వచ్చాక వాటి గురించి చెప్పేవాడు. ఒక కిటికీకి ఆకుపచ్చ పరదా ఉండేదట.

అక్టోబరు 5న వన్నీ ఫోను నుంచి హోటలుకు మాట్లాడాం. గుమాస్తా సుదారత్ మాట్లాడింది. ఫ్యాను గది నాలుగు వందల బాత్ అని చెప్పింది. ఆయన సరేనన్నాడు. నేను ఫోను తీసుకుని మూడు విషయాలు అడిగాను. మెట్లెన్ని, వేడినీళ్లు ఉంటాయా, మంచం తలవైపు ఏ దిక్కు.

"మంచం దిక్కా? ఇంతవరకూ ఎవరూ అడగలేదవ్వా. వైఫై ఉందా అని అడుగుతారు."

"నేను అడుగుతున్నా కదమ్మా. పడమటికి తలపెట్టి నేను పడుకోలేను."

"ఉండండి, చూసొస్తా."

ఆ పిల్ల నిజంగానే వెళ్లి చూసి వచ్చింది. కింద 105వ గది, తల ఉత్తరానికి అని చెప్పింది. నేను ఆ గదే ఉంచమన్నాను. పక్కనున్న ఆయన ఫోనులో వినబడేలా అన్నాడు, "నా లారీ మూతి ఎటుంటే నా తల అటు. ఇరవై ఎనిమిదేళ్లలో ఏ దయ్యమూ వచ్చి లేపలేదు." సుదారత్ నవ్వింది.

శవాన్ని పడుకోబెట్టేటప్పుడే తల పడమటికి పెడతారు. బతికున్నవాళ్లు పెట్టరు. మా అమ్మ అలా చెప్పింది. మిగతావి చాలా మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు.

నిన్న, నవంబరు 14, మంగళవారం, పది గంటల బస్సు ఎక్కాం. ఒక సంచి, జిగురన్నం బుట్ట, ఆసుపత్రి చీటీ తెచ్చుకున్నాం. ఆయన పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాడు. మాత్రల అట్ట నా సంచిలో ఉంది, చూపించాను. దారిలో నొప్పి అని గాని ఆయాసం అని గాని చెప్పలేదు. డ్రైవరు గేరు మార్చడం రాదని మాత్రం రెండుసార్లు అన్నాడు.

ఒంటిగంటన్నరకు హోటలుకు చేరాం. 105లో గొట్టం పగిలి నేలంతా నీళ్లయ్యాయని సుదారత్ చెప్పింది. వెనకవైపు కింద ఇంకొక గది ఉంది, లేకపోతే మేడమీద 203 ఉంది, అది మిల్లు వైపు అంది. నేను కింద గది అనబోయాను. ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. పంతొమ్మిది మెట్లు. మధ్యలో ఒకసారి ఆగాడు.

203లో టేకు మంచం ఒకటి, చెక్క బీరువా ఒకటి, బల్ల, ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి. ఆయన నేరుగా కిటికీ దగ్గరికి పోయాడు. కింద మిల్లు ముందు పద్నాలుగు లారీలు ఉన్నాయి. ఆయనే లెక్కపెట్టాడు.

"బువా, ఇటు రా. పైనుంచి చూస్తే లారీలు ఇంతే ఉన్నాయే."

"పరదా ఆకుపచ్చ కాదుగా" అన్నాను.

"మార్చుంటారు. గది ఇదే. నాకు తెలుసు."

అప్పుడు నేను మంచం చూశాను. తలవైపు పడమటి గోడకు ఉంది. ఆ గోడకు పైన పెద్ద భిక్షువు గారి పటం మేకు కొట్టి ఉంది. దిండ్లు అటుతీసి ఇటు వేసుకుంటే సరిపోయేది కదా అని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. మా ఆయన కూడా అప్పుడు అదే అన్నాడు. అలా చేస్తే కాళ్లు భిక్షువు గారి పటం వైపు వస్తాయి. అది ఇంకా తప్పు.

"అయితే పటంలో తాతగారిని కాసేపు కిందికి దించుదాం. ఆయనేం అనుకోడు."

"ఎవరింట్లోనో ఉన్న పటం తియ్యడానికి మనమెవరం? కింద గదికి పోదాం పదవయ్యా."

"కింద గదిలోంచి ఏం కనిపిస్తుంది? గోడ."

"కళ్లు మూసుకుని పడుకోడానికి కిటికీ ఎందుకు?"

"నీకు దిక్కు ఎందుకో నాకు కిటికీ అందుకు."

మేం పెద్దగా అరుచుకోలేదు. పక్క గదివాళ్లు మాటలు వినబడ్డాయని చెప్పారట. అంతే మాట్లాడాం. చివరికి నేను ఒక మాట అన్నాను. అది కూడా రాయమని కోరాను. "సరే, మంచం నువ్వే ఏలుకో. నేను తెల్లారేదాకా ఈ కుర్చీలో కూర్చుంటా. రేపు డాక్టరు కన్ను కోసేటప్పుడు తూగుతా. ఇంకో కన్నుకూడా పోతుంది. అప్పుడు నీ కిటికీ నువ్వు చూసుకుందువుగాని." ఇలా అని మూడు గంటల ఇరవై నిమిషాలకు నూడుల్స్ తేవడానికి కిందికి దిగాను. టైము ఎలా తెలుసు అంటే, వరండాలో మెట్ల దగ్గర గోడ గడియారం ఉంది. అంకెలు పెద్దవి. ఎడమ కంటికి కనబడతాయి.

బండి దగ్గర రెండు పొట్లాలు కట్టించాను. ఆయనదానిలో మొలకలు వద్దన్నాను. మొలకలు ఆయనకు పడవు.

పావుతక్కువ నాలుగుకు తిరిగి వచ్చాను. గది తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. వెనక బీరువా అడ్డంగా ఉంది. సందులోంచి మంచం కనబడింది. మంచం తిరిగి ఉంది. తలవైపు ఉత్తరపు గోడకు ఆనించి ఉంది. దుప్పటి బిగించి అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. దిండ్లు రెండూ ఉత్తరం వైపున ఉన్నాయి. గోడవైపు దిండు మీద నా శాలువా మడతపెట్టి ఉంది. ఇంట్లో గోడవైపు నేను పడుకుంటాను.

నాకు సంతోషమైంది. ఆ మాట పైకి అనలేదు.

తలుపు తియ్యమన్నాను. పలకలేదు. మా ఇంట్లో ఆయనకు ఒక అలవాటు ఉంది. నేను సంత నుంచి వచ్చేటప్పుడు తలుపు చాటున నక్కి ఉండి బెదిరించేవాడు. ఒకసారి నా చేతిలో చేపలన్నీ కింద పడ్డాయి. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"ముసలోడా, బీరువా జరుపు. పులుసు చల్లారిపోతోంది."

పలకలేదు.

"డెబ్బై ఏళ్లొచ్చాయి. ఊరు కాని ఊళ్లో ఏం ఆటలివి? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

పలకలేదు. అప్పుడు నేను, "సరే, నువ్వు పిలిచేదాకా నేనూ పిలవను" అన్నాను. పొట్లాలు తలుపు గొళ్లేనికి తగిలించాను. వరండాలో నేలమీద తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. నవ్వు వస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను, ఆయనకు వినబడకూడదని. అప్పుడు టైము నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

నాలుగు గంటల రెండు నిమిషాలకు సుదారత్ తువ్వాళ్లు తీసుకుని మేడమీదికి వచ్చింది.

"ఏంటవ్వా, బయట కూర్చున్నావు? తాత గెంటేశాడా?"

"అలిగాడే అమ్మా. నేనూ అలిగాను."

ఆ పిల్ల సందులోంచి లోపలికి చూసింది. దానికి రెండు కళ్లూ బాగున్నాయి. నవ్వడం ఆపింది. ఇద్దరం కలిసి తలుపు తోశాం. బీరువా జరిగింది. ఆయన అవతల నేలమీద బీరువాకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కాళ్లు చాపి ఉన్నాయి. గళ్ల తువ్వాలు మెడచుట్టూ ఉంది. చెమట తుడుచుకున్నట్టుంది. నేను ఇవతల ఎక్కడ కూర్చున్నానో, ఆయన అవతల సరిగ్గా అక్కడే ఉన్నాడు. మధ్యలో తలుపు, బీరువా చెక్క.

సుదారత్ ఫోను చేసింది. అంబులెన్సువాళ్లు నాలుగు గంటల పదిహేను నిమిషాలకు వచ్చారు. ఛాతీ నొక్కారు. తరవాత డాక్టరు వచ్చి చూసి గుండె ఆగి చనిపోయాడన్నాడు. ఆరు గంటలకు పోలీసులు గది చూడటం పూర్తిచేసి వెళ్లారు.

నుదుటి మీద, కుడి భుజం మీద ఎర్రటి గుర్తులు ఉన్నాయని, ముంగాలి చర్మం లేచిందని, గదిలో సామాను చిందరవందరగా ఉందని, ఎవరైనా కొట్టారా అని సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. ఎవరూ కొట్టలేదు. బరువు తోసేటప్పుడు ఆయన నుదురూ భుజమూ ఆనించి తోస్తాడు. లారీ బురదలో దిగబడినప్పుడు అలాగే తోసేవాడు. ఇంటికి వస్తే నుదుటి మీద ఇలాంటి గుర్తే ఉండేది. కాలు మంచం కోడుకు గీసుకుని ఉంటుంది. మంచం తిరగడానికి చోటు లేక బీరువాను తలుపు వైపు జరిపాడు. మళ్లీ దాని చోట పెట్టేలోపల కూర్చున్నాడు. నాకు తెలిసింది ఇంతే.

హోటలువాళ్ల మీద గాని, గుమాస్తా సుదారత్ మీద గాని అనుమానం ఉందా అని అడిగారు. లేదు. ఫోనులో అడిగిన మూడింటికీ ఆ పిల్ల సరిగానే చెప్పింది. గొట్టం పగలడం దాని తప్పు కాదు.

చావు మీద సందేహం ఉంటే శవాన్ని కోతకు వేరే ఊరు పంపాలి, మూడు రోజులు పడుతుంది, సందేహం లేదని చెబితే ఈ రోజే ఇస్తాం అన్నారు. నాకు సందేహం లేదు. కోయవద్దు. ఈ రోజే తీసుకుపోతాను.

కానీ ఒకటి రాయమన్నాను. నాలుగుకు పది నిమిషాల ముందు నుంచి నాలుగు గంటల రెండు నిమిషాల వరకు, పన్నెండు నిమిషాలు, నేను ఎవరినీ పిలవకుండా కూర్చున్నాను.

"అది అక్కర్లేదవ్వా" అన్నారు సబ్ ఇన్‌స్పెక్టర్ గారు. "నువ్వు వచ్చేసరికే అయిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు."

"ఆయన చూశాడా బాబూ?"

"చూడలేదనుకో. అంచనా."

"అయితే రాయి. నేను ఉన్నాను అక్కడ."

రాశారు. చదివి వినిపించారు. పన్నెండు అనే ఉంది.

ఈ రోజు ఉదయం ఆరు గంటలకు ఆసుపత్రికి వెళ్లాను. చీటీలో ఉన్న టైముకే వెళ్లాను. శవాల గది కంటి విభాగం ఎదురుగానే ఉంది. ఆయన కాగితాల కోసం నిలబడినప్పుడు అవతల మైకులో నా నంబరు పిలిచారు. మూడుసార్లు పిలిచి తరవాతి నంబరుకు పోయారు.

వన్నీ ధాన్యం దించేసి ట్రక్కు తెచ్చింది. ఊరి భిక్షువు గారిని కూడా తీసుకొచ్చింది. సుదారత్‌తో పాటు స్టేషను బయట ఉన్నారు. ఇక్కడి నుంచి ముందు హోటలుకు వెళ్లాలి. ఆయన పోయిన చోట భిక్షువు గారితో ఆయన ఆత్మను పిలిపించాలి. లేకపోతే ఆయన అక్కడే ఉండిపోతాడు. అంతవరకు మంచం, బీరువా కదపవద్దని సుదారత్‌కు చెప్పాను. కదపనంది. తరవాత దారిపొడుగునా నేను పక్కన కూర్చుని ఆయనకు చెబుతూ పోవాలి, ఇది మలుపు, ఇది వంతెన, వెంట రా అని. మా ఊరికి రెండు వంతెనలు. ఆ దారి ఆయనకే బాగా తెలుసు. అయినా చెబుతాను. ఇంటికి చేరాక తల పడమటికి పెడతారు. నేను ఏమీ అనను.

రాత్రి ఎక్కడ ఉన్నారని ఆఖరున సబ్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. 203లో. సుదారత్ కింద గది ఇస్తానంది, తనతో పడుకోమంది. నేను వద్దన్నాను. గోడవైపు, ఉత్తరానికి తలపెట్టి పడుకున్నాను.

నిద్ర పట్టిందా అని అడిగారు.

పట్టింది.

ఇందులో ఉన్నదంతా నేను చూసినదీ, నేను చేసినదీ. ఎవరూ భయపెట్టి గాని నేర్పి గాని చెప్పించలేదు. రాసింది మొత్తం నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. నాలుగో తరగతి చదివాను, సంతకం వచ్చు. సంతకం పెట్టాల్సిన గీత నాకు కనబడలేదు. సబ్ ఇన్‌స్పెక్టర్ గారు నా చెయ్యి పట్టుకుని ఆ చోట బొటనవేలు ఆనించారు.

బువాలై ఫోన్‌యాంగ్, కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు: వన్నీ, చెల్లెలి కూతురు; సుదారత్, హోటలు గుమాస్తా

ఉదయం 9 గంటల 10 నిమిషాలు