సుద్దగీత లేని చక్రం

హలో… ఆ, నేనే. షెడ్డు నుంచే. ముందు స్పీకర్ తీసెయ్, అక్కా… తీశావా? బావకి వినబడకూడదు.

…ఏం లేదు, ఊరికే. ఎక్కడిదాకా వచ్చారు?… కనుమ దాటేశారా! సరస్సు కనిపిస్తోందా… ఆ, బాగుంటుంది, బాగుంటుంది. ఫొటోలు తర్వాత చూస్తాను. బండిలో ఏమైనా చప్పుడు వస్తోందా?

…టక్కు టక్కుమనా? ఎటువైపు?… వెనకా. పాప పడుకున్న వైపేనా?

అయ్యయ్యో…

లేదు, నాకేం కాలేదు. అక్కా, నీకు కడుపులో తిప్పుతోందని బావకి చెప్పు. మెల్లిగా పక్కకి తియ్యమను. బ్రేకు గట్టిగా వెయ్యొద్దు… ఎందుకేంటి, చెప్పు ముందు! తర్వాత తిట్టుకుందువు గానీ!

…

ఆగిందా?… అమ్మయ్య. పాపని ఎత్తుకుని దిగు. లేస్తే లేచింది, దించు!… చెప్పులు గిప్పులు వద్దే తల్లీ!

దిగారా? ఇప్పుడు టైర్లు చూడు. నట్లు బిగించాక సుద్దతో గీత గీస్తాను కదా, అది… ముందువి రెంటికీ ఉందా. వెనక కుడివైపు?… ఉంది. ఎడమవైపు?

…సరిగ్గా చూడు.

…లేదా.

అక్కా, పొద్దున ఆ చక్రం బిగిస్తుంటేనే నువ్వు టిఫిన్ చల్లారిపోతోందని కేకేశావు. చేత్తో రెండు నట్లు తిప్పి లేచొచ్చాను. తిన్నాక మీరంతా ఒకటే హడావుడి, జాకీ దించేశాను. ఇప్పుడు టీ పోసుకుందామని గ్లాసు తీస్తే అడుగున రెండు నట్లు… అవును, అదే, నువ్వెప్పుడూ తిట్టే అలవాటే. నట్లు గ్లాసులో వెయ్యడం. ఆ చక్రానికి ఎన్నున్నాయి చెప్పు… ఒకటా? ముట్టుకో… వేలితో తిరుగుతోందా!

పానా డిక్కీలో ఉండదు. ఇక్కడే, నా బల్ల మీదుంది. నేనే వస్తాను, మీరు కదలకండి… బావకా? వద్దు, చెప్పకు. ఇంకోసారి నన్ను బండి ముట్టుకోనివ్వడు. నేనొచ్చి—

ఆ హారనేంటి?… బస్సా? దారిమ్మంటోందా? బావ బండి మలుపులో ఆపాడా!… అక్కా, అది మన బండి స్టార్టయిన చప్పుడేనా?

…చెప్పొద్దన్నాను, అవును, నేనే అన్నాను! ఇప్పుడు చెప్పు! కేకెయ్! అద్దం మీద కొట్టు!

అక్కా?

…ఏం పడింది? అక్కా! మాట్లాడు!

…పాప నీ చంకలోనే ఉందా?… బావేడి?… అక్కా, బావేడి?

…దిగాడా. నడుస్తున్నాడా… దెబ్బలేం లేవు కదా… ఫోన్ అడుగుతున్నాడా? ఇవ్వు. ఫర్లేదు, ఇవ్వు.

బావా, నేనే. తప్పు నాదే. నీ కోపానికి భయపడి దాచాను. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి… ఏంటీ? చక్రం ఊడి దొర్లుకుంటూ పోయిందా? కిందికా?… మీకంటే ముందే సరస్సు చూడ్డానికెళ్ళిందా!

…నవ్వుతున్నావా బావా?

…బావా. ఏడవకు బావా. పాప చూస్తుంది. బయల్దేరుతున్నా, పానా చేతిలోనే ఉంది. పెట్టేస్తున్నా.