నాలుగో పేరు

1999 జూలై 5వ తేదీన, మిర్యాలగూడ రైస్ మిల్లులో పన్నెండేళ్లు పంకాలు బాగుచేసిన అనుభవంతో, శ్రీ ఏసుపాదం గారు కోదాడలోని మా ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాపులో సహాయకులుగా విధుల్లో చేరారు. ఇరవై ఆరేళ్ల నిరంతర సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషిని అభినందిద్దామని కూర్చుంటే, పొగడ్త కంటే ముందు తప్పొప్పుకోలు కలంలోకి వస్తున్నది. ఆ తప్పు ఈ వ్యాసకర్తదే.

విమానం రెక్కను గాలి అంటిపెట్టుకొని సాగినంతసేపే భరోసా. గాలి రెక్కను విడిచిందా, ఇక పరేషానే. రెక్క మీది సన్నని రంధ్రాల గుండా గాలిని ఊది, ఆ ప్రవాహాన్ని పట్టి ఉంచాలన్నది మా పరిశోధన. ముగ్గురు ఆచార్యులం రెండేళ్లు లెక్కలు కట్టినా ఫలితం శూన్యం. ఏసుపాదం గారు మిల్లు పంకాతో గాలి సొరంగం నిర్మించి, సతీమణి చంద్రమ్మ గారి కుట్టుమిషను దారపు ముక్కలను రెక్క నమూనాకు అంటించి, అవి ఎక్కడ ఎగిరిపడుతున్నాయో ఓపికగా గమనించారు.

"మేడం, రంధ్రాలు నిటారుగ కాదు, వాలుగ కొట్టాలె. మిల్లుల ఊక అడ్డం పడితె మేం గట్లనే ఊదుతుంటిమి" అన్నారు. కొట్టారు. దారాలన్నీ రెక్కకు అంటుకొని బుద్ధిగా పడుకున్నాయి!

2014లో పేటెంటు వచ్చింది, మూడు పేర్లతో. డిగ్రీ లేని వర్క్‌షాపు సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పి, పేరు మాత్రం చేర్చకపోవడం మా ఆనవాయితీ. అది తప్పని మాకు తోచనే లేదు. ఏసుపాదం గారు పటం కట్టించిన ఆ పత్రం మీద వేలు పెట్టి మూడు పేర్లూ చదివి, "మంచిగున్నది మేడం" అని, అద్దం తుడిచి, తామే గోడకు మేకు కొట్టి తగిలించారు. తరువాత తప్పు తెలిసి సరిదిద్దబోతే, గడువు దాటిపోయిందన్నారు పేటెంటు కార్యాలయం వారు.

అనంతరం, ఎండలో పనిచేసే స్త్రీలకు వడదెబ్బ ప్రమాదాన్ని ముందే పసిగట్టేందుకు, చర్మానికి అంటించి ఒంటి వేడిని, నాడిని కొలిచే బిళ్ళను తయారుచేశాం. ఏసీ గదిలో మా పొడి చేతులకు అంటించుకొని మురిసిపోయాం. మాడుగులపల్లి పొలంలో నాటు వేస్తున్న ముత్తమ్మ గారికి అంటిస్తే, పది నిమిషాలకే చెమటకు జారి బురదలో పడింది.

"గిదేం బిళ్ళ మేడం? ఒక్క మడి గూడ కాలే, ఊడిపాయె!" అని ఆమె నవ్వితే పొలమంతా నవ్వింది. ఏసుపాదం గారు నవ్వలేదు. బిళ్ళను కడిగి, వెలుతురుకు పట్టి చూశారు.

"చెమటకు తోవ లేదు మేడం. గాడ రెక్కకు గాలి ఊదినం, గీడ చెమటను బయటికి తోలాలె. గవే వాలు రంధ్రాలు."

ఆ కొత్త బిళ్ళ పొద్దుగూకేదాకా ముత్తమ్మ గారి చేతిని విడువలేదు.

ఈసారి దరఖాస్తు నింపుతూ ఆయన పూర్తి పేరు అడిగితే కంగారుపడ్డారు. "నా పేరెందుకు మేడం? నేను పది గూడ దాటలే."

"ఇందులో చదువు గురించి అడగలేదు, ఏసుపాదం గారూ. కనిపెట్టింది ఎవరని మాత్రమే అడిగారు."

నిరుడు పత్రం వచ్చింది, పటం కట్టించాం. మొదటి పేరు ఆయనదే. వేలు ఆ పేరు దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. ఒక్కనాడైనా వేళకు ముందు ఇంటికి పోని మనిషి, "ఇయ్యాల జర తొందరగ పోత మేడం. చంద్రమ్మకు సూపియ్యాలె" అని పటాన్ని చంకన పెట్టుకొని వెళ్లారు.

ఆ పటాన్ని ఆయన తిరిగి తేలేదు, మేమూ అడగలేదు. దానికోసం మా గోడకు కొట్టిన రెండో మేకు ఖాళీగానే ఉంది, ఉండనిద్దాం. మొదటి పేటెంటులో మేము రాయని నాలుగో పేరును మాత్రం ఈ సంచికలో అచ్చు వేస్తున్నాం: శ్రీ ఏసుపాదం. ఆ పేరు గలవారు, ఆ పటం ఉన్న ఇంట, చంద్రమ్మ గారి తోడుగా, ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.

— డా. వందన, మెకానికల్ విభాగం