లాంజ్‌లో మిగిలిపోయిన ఓనరు

"అన్నా, నాకో టీ, మా బావకో టీ. ఫోన్ బల్ల మీద పెడుతున్నా, మోగితే చెప్పు. కంపెనీ వాళ్ళు చేస్తామన్నారు."

నా టీ కొట్టుకి రోజూ వచ్చే పైలట్ అలా మొదలెట్టాడు. డబ్బున్నవాళ్ళు నలుగురైదుగురు వాటాలేసుకుని కొనుక్కున్న చిన్న జెట్ విమానం అతను నడిపేది. వాళ్ళలో ఒక ఓనరుని ఎయిర్‌పోర్టు లాంజ్‌లోనే వదిలేసి విమానం లేపేశాడని కంపెనీ అతన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేలిపోతుంది. అయినా నోరు మాత్రం తగ్గట్లేదు.

"ఏముంది బావా, కాస్త ఎదురుగాలి, అంతే. మా దగ్గర సామాను మోసేదీ మేమే కదా, సూట్‌కేసులు ఎక్కించా, ఓనరు కుక్కనీ ఎక్కించా. ఇంతలో మబ్బు కమ్మేసింది. ఇంకాసేపు ఆగితే విమానం నుజ్జునుజ్జయ్యేది, అందుకే లేపేశా. కంపెనీ ఆస్తి కాపాడొద్దూ? అన్నా, ఫోన్ మోగిందా?"

"లేదు," అన్నాను.

"పైకెళ్ళామో లేదో పిడుగు! ఒక ఇంజన్ ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోదీ ఆగిపోయింది! పక్కనున్న కో-పైలట్ కళ్ళు మూసుకుని వాళ్ళమ్మని తలుచుకుంటున్నాడు. నేను కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టి, పిడుగుని తోక పట్టుకుని లాగి ఇంజన్లో దూర్చా. బర్రుమని స్టార్టయింది!"

"చెయ్యి కాలలేదట్రా?" అన్నాడు బావ. బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన.

"గ్లౌజులున్నాయిగా! అన్నా, ఇక్కడ సిగ్నల్ వస్తుందా? వస్తుందా, సరే. అప్పుడు గుర్తొచ్చింది బావా, ఓనరు కిందే ఉండిపోయాడని. గాల్లోనే వెనక్కి తిప్పా. రన్‌వే నిండా నీళ్ళు, దిగడానికి వీల్లేదు. లాంజ్ కిటికీ పక్కకి, అదిగో ఆ గోడంత దగ్గరికి పోనిచ్చి రెక్క ఆనించా. ఆయన కాఫీ కప్పుతో సహా రెక్క మీద నడుచుకుంటూ వచ్చేశాడు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు! తలుపు తీసిందెవరనుకున్నావ్? కుక్క!"

కొట్లో అందరూ పగలబడి నవ్వారు. బావ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"ఒరేయ్, ఆయన ఎక్కేస్తే మరి నువ్విక్కడెందుకున్నావురా?"

పైలట్ ఖాళీ గ్లాసే ఎత్తి తాగబోయాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అతను చెయ్యి చాపలేకపోయాడు.

"భయమేస్తోంది బావా. ఏం చెప్పను?"

"జరిగింది చెప్పు. పిడుగు జోలికి పోకు."

ఫోన్ ఎత్తి లేచి నిలబడ్డాడు.

"అవునండీ, వెనక్కెళ్ళి చూడలేదండీ. తెర వేసుందండీ. ఓనరు నిద్రపోతుంటే లేపకూడదని మన రూలే కదండీ. లోపల్నుంచి గురక వినిపించింది, ఆయనే అనుకున్నానండీ... కాదండీ. కుక్కదండీ."

అవతల ఏదో గట్టిగా అన్నారు. పైలట్ ఫోన్‌ని అరచేత్తో మూసి, ఏడుపు మొహంతో బావ వైపు తిరిగాడు.

"కోతలు కొయ్యొద్దంటున్నారు బావా!"