ఖాళీ అర

ఆస్పత్రి సర్వర్ గదిలో కొత్తగా చేరిన మరదలు. ఫోనులో, అక్కడే సీనియరుగా పనిచేస్తూ ఇవాళ సెలవు పెట్టిన బావ.

“నేనేం ముట్టుకోలేదు బావా! కరెంటు పోయింది, వచ్చాక ఆన్ చేశాను. అంతే. ఇక సర్వర్ లేవడం లేదు.”

“తెర మీద ఏముంది?”

“ఏదో డిస్కు కోసం చూసి చూసి, దొరక్క ఆగిపోయింది. బయట రిపోర్టుల కోసం జనం. డైరెక్టరుగారు నన్నే సంజాయిషీ రాసిమ్మన్నారు. నా ఉద్యోగం ఊడేలా ఉంది.”

“కంగారుపడకు. లేచేటప్పుడు ఏ డిస్కులు వెతకాలో ఒక జాబితా ఉంటుంది కదా, ఆ ఫైలు తెరువు. చివరి లైను ముందు హాష్ గుర్తు పెట్టు. అప్పుడు సర్వర్ ఆ లైను వదిలేసి ముందుకెళ్తుంది.”

“చివరిదేనని మీకెలా తెలుసు? నేనింకా ఫైలే తెరవలేదు.”

“అనుభవం చిట్టీ, అనుభవం. పెట్టావా?”

“పెట్టాను. మళ్లీ ఆన్ చేస్తున్నా… ఆ… వస్తోంది… వచ్చింది! అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది.”

“చెప్పానా!”

“కానీ బావా, ఇక్కడ నాలుగో అర ఖాళీ. బ్యాకప్ డిస్కు ఏమైంది?”

“నాకేం తెలుసు? ఎప్పుడో పాడైపోయుంటుంది.”

“పాడైతే పుస్తకంలో ఉండాలిగా. తీసినవాళ్లు సంతకం పెట్టాలని నేర్పింది మీరే.”

“పుస్తకం, పుస్తకం! ఇప్పుడదంతా ఎందుకు? ఇదిగో, ‘తెలియక నేనే తీసి ఎక్కడో పెట్టాను’ అని రాసిచ్చెయ్. కొత్తదానివి, నాలుగు తిట్టి వదిలేస్తారు.”

“నేనెందుకు రాయాలి?”

“వచ్చే వారం నా ప్రమోషను లిస్టు. మీ అక్క మొహం చూసైనా…”

“అక్క మొహం ఇందాకే చూశాను బావా.”

“అంటే?”

“పొద్దున మీరు ఫోనెత్తకపోతే అక్కకి చేశాను. నాలుగో అరలో డిస్కు లేదని ఏడ్చాను. పెళ్లిరోజుకి మీరు కొనిచ్చానన్న డిస్కు తిరగేసి చూసిందట. వెనకాల మన ఆస్పత్రి స్టిక్కరు, నాలుగో నంబరు.”

“చిట్టీ, ఆగాగు. అక్కకి… ఒక్కసారి అక్కకి ఫోనివ్వు.”

“ఎలా ఇవ్వను బావా? డైరెక్టరుగారి గదిలో ఉంది. పిల్లల ఫొటోలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి, అయినా ఆయన బల్ల మీద పెట్టేసింది.”